బ్యాటరీ పెడితే పాట బాగుపడుతుందా?

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ గాలి విశాఖను ఏం చేసిందో అందరూ చూశారు. పక్కనున్న మా విజయనగరాన్ని కూడా అది విడిచిపెట్టలేదు. చెట్లు కూలాయి, స్తంభాలు ఒరిగాయి, కరెంటు పోయింది. ఇది పూటలో వచ్చే కరెంటు కాదని మరునాటికే ఊరంతటికీ అర్థమైపోయింది.

మూడవ రాత్రి మా బావ అటక మీదినుంచి మావయ్య వాడిన పాత టూ-ఇన్-వన్‌ను దింపాడు. ఎక్కడో సంపాదించిన ఆరు లావుపాటి సెల్లులు అందులో వేసి, దుమ్ము పట్టిన క్యాసెట్ల పెట్టెలోంచి ఒకటి తీసి పెట్టాడు. 1980లలో ఒక శ్రీరామనవమి పందిట్లో మావయ్య స్వయంగా రికార్డు చేసుకున్న హరికథ అది. అరుగు మీద కిరోసిన్ దీపం, చుట్టూ ఇరుగుపొరుగు, ఆ చీకటిలో దాసుగారి గొంతు, చిడతల చప్పుడు, గజ్జెల మోత. ఎన్నో ఏళ్ళుగా ఇంట్లో పడి ఉన్న క్యాసెట్టే అది. అయినా ఆ రాత్రి దాన్ని మొదటిసారి విన్నట్టనిపించింది. దాసుగారు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. పందిట్లో ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడిస్తే తల్లి సముదాయించడం కూడా వినిపించింది.

"చూసినావా బావా, కరెంటు లేకపోతే పాట ఎలాగుందో! దోషమంతా ఆ కరెంటులోనే ఉంది" అన్నాడు మా బావ.

ఆ రాత్రికి ఆ మాట అందంగానే ఉంది, నేనూ తల ఊపాను. కానీ మాటలు ఒక్కొక్కప్పుడు మనిషిలో వేళ్ళూనుకుంటాయి. కొన్నేళ్ళకు మా బావ మంచి ఆంప్లిఫయరూ, నిలువెత్తు స్పీకర్లూ, ఒక పాత క్యాసెట్ డెక్కూ కొన్నాడు. వాటి మీద అదే హరికథ పెడితే కథ వెనక నుంచి ఎడతెగని 'గుమ్మ్' అన్న మోత వినబడసాగింది. తుపాను రాత్రి లేని మోత ఇప్పుడెందుకు వచ్చింది? అప్పుడు బ్యాటరీ, ఇప్పుడు కరెంటు. కనుక బ్యాటరీయే మేలు. ఇదీ ఆయన తర్కం. ఈ మధ్య ఆ తర్కం ముదిరి, బ్యాటరీతో నడిచే ఆంప్లిఫయరు, దానికో లిథియం బ్యాటరీ పెట్టె, వెరసి అరవై వేల రూపాయల అంచనాగా తయారైంది. సలహా అడిగాడు. నాకు తోచినది ఆయనకు చెప్పాను. అలాంటి తర్కంలోనే ఉన్న మరికొందరికి ఉపయోగపడుతుందేమోనని దానినే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

*

ముందుగా ఒక మాట. మా బావను ఎగతాళి చెయ్యడం నా ఉద్దేశం కాదు. బ్యాటరీ మీద ఈ నమ్మకం ఆయన ఒక్కడిది కాదు, నిరాధారమైనదీ కాదు. 2000ల నడిమి కాలంలో ట్రైపాత్ అనే కంపెనీ చిప్పుతో, ఎనిమిది పెన్సిల్ సెల్లుల మీద నడిచే 'సోనిక్ ఇంపాక్ట్ టీ-ఆంప్' అనే అరచేతిలో పట్టే ఆంప్లిఫయరు వచ్చి, వేల డాలర్ల యంత్రాలు వాడేవాళ్ళ చేత కూడా శభాష్ అనిపించుకుంది. ట్రైపాత్ కంపెనీ 2007లో దివాలా తీసినా, ఆ చిన్నపెట్టె పుట్టించిన బ్యాటరీ మోజు మాత్రం నిలిచిపోయింది.

అంతకన్నా పాత చరిత్ర కూడా ఉంది. పల్లెలకు కరెంటు రాని రోజుల్లో మన ఊళ్ళలో వాల్వు రేడియోలు బ్యాటరీ మీదే పాడాయి. ఫిలమెంటుకు ఒకటిన్నర వోల్టు, పైపని అంతటికీ 90 వోల్టులు ఇచ్చే డ్రై బ్యాటరీ ప్యాకులు వాటికోసం దొరికేవి. ఇంట్లో దీపం పోయినా ల్యాండ్‌లైన్ టెలిఫోను పనిచేసేది, గుర్తుందా? మన మాటను మోసుకుపోయే విద్యుత్తు ఎక్స్ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీల నుంచి వచ్చేది. మాట సన్నది, దాని వెనక మోత ఉండకూడదని ఇంజనీర్లు ఎన్నడో గ్రహించారు.

కాబట్టి ప్రశ్న అడగదగినదే. అయితే దానికి ఒక్కమాటలో ఔననో కాదనో చెప్పేముందు, గోడలోని కరెంటు పాటగా మారే దారిని ఒకసారి చూడాలి.

మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆంప్లిఫయరు లోపలి పరికరాలకు కావలసింది ఊగని, నిలకడైన డీసీ. అందుకని ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గిస్తుంది. డయోడ్లు ఆ ఊపును ఒకే దిక్కుకు మళ్ళిస్తాయి. పెద్ద కెపాసిటర్లు దానిని చదును చేస్తాయి. ఆ చదును ఎన్నడూ నూటికి నూరుపాళ్ళు కాదు. పైన మిగిలిపోయే చిన్న అలలు సెకనుకు 100 వస్తాయి, ఎందుకంటే ఊపులోని రెండు సగాలూ ఒకేవైపుకు మళ్ళాయి గనుక. మంచి ఆంప్లిఫయరు ఆ అలలను పాటలోకి రానివ్వదు. కెపాసిటర్లు ఎండిపోయిన పాతది మాత్రం రానిస్తుంది.

బ్యాటరీలో ఈ తతంగమేదీ లేదు. అది పుట్టుకతోనే డీసీ. దానికి గోడతో సంబంధం లేదు కనుక పక్కింటి మోటారు పెట్టే చిటపటలు కూడా తీగ వెంట రావు. బ్యాటరీని సమర్థించేవారి వాదంలో ఇంతవరకూ తప్పు లేదు.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. "మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది, కరెంటు పోయినప్పుడు మేం వినేది బ్యాటరీ పాటే కదా" అంటారు కొందరు. కాదు. ఇన్వర్టరు బ్యాటరీలోని డీసీని ముక్కలుగా కోసి మళ్ళీ ఏసీగా చేస్తుంది. అందులో చవకరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే ఆ ఏసీ గుండ్రంగా కాక మెట్లుమెట్లుగా ఉంటుంది. అప్పుడు ఫ్యాను ఎలా మూలుగుతుందో విన్నారు కదా. ఆంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మరు కూడా అలాగే మూలుగుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టరు మేలు. అయినా అది గోడ కరెంటుకు నకలే తప్ప బ్యాటరీ కాదు.

*

ఈ మోతను గురించి మా ఊరివాళ్ళకు ఇంత పట్టింపేమిటని ఎవరైనా అడగవచ్చు. 1919లో విజయరామ గాన పాఠశాల పుట్టిన ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ నేర్పారు, 1936లో అధ్యక్షులయ్యారు. ఘంటసాల అక్కడ చదువుకున్నారు, సుశీల అక్కడ చదువుకున్నారు. ఇంత సంగీతం ఉన్న ఊళ్ళో పుట్టినవాడికి పాడడం రాకపోయినా, శ్రుతి తప్పితే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ మోత వట్టి చప్పుడు కాదు, అది ఒక శ్రుతి. లెక్క చూడండి. గాయకుడు ఒకటో శ్రుతిలో, అంటే హార్మోనియం మీది 'సి' షడ్జంగా పాడుతున్నాడనుకుందాం. ఆ షడ్జం సెకనుకు సుమారు 130.8 కంపనాలు. తంబురాలో మొదటి తీగ మంద్ర పంచమం, అది 98.1. ఆంప్లిఫయరు మోత 100. రెంటికీ తేడా సుమారు రెండు కంపనాలు. అంటే తంబురా పంచమానికి పక్కనే, కొంచెం హెచ్చుగా, ఎవరూ మీటని మరో పంచమం ఎడతెగకుండా మోగుతూ ఉంటుంది. ఆ రెండూ ఒరుసుకుని సెకనుకు రెండుసార్లు అలలాగా లేచి పడతాయి. తంబురా శ్రుతి చేసేవాడు బిరడా తిప్పుతూ, పూస జరుపుతూ పోగొట్టడానికి తంటాలు పడేది సరిగ్గా ఇలాంటి అలనే. విద్వాంసుడు పదినిమిషాలు కూర్చుని పోగొట్టినదాన్ని మన యంత్రం అరక్షణంలో తెచ్చి మళ్ళీ పెడుతుంది.

దీనిలో ఒక చమత్కారం కూడా ఉంది. 1990లలో దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలిచేది కాదు. సాయంత్రం వాడకం పెరిగే వేళకు 49కీ, ఒక్కొక్కప్పుడు 48 దాపులకూ దిగజారడం మామూలు. 49 అయిన క్షణాన ఆంప్లిఫయరు మోత 98. అంటే కరెంటు చిక్కిపోయినప్పుడే మోత శ్రుతిలో కలిసేదన్నమాట! కానీ అదే సమయంలో, సింక్రనస్ మోటారు ఉన్న రికార్డు ప్లేయరు మీద పాట శ్రుతి దిగజారేది. 48.5కు పడితే వేగం నూటికి మూడుపాళ్ళు తగ్గుతుంది. అంటే రెండు పక్క స్వరస్థానాల మధ్య దూరంలో దాదాపు సగం. కీర్తన ఒకటిన్నర శ్రుతిలో ఉందో, ఒకటో శ్రుతిలో ఉందో తెలియని స్థితి. ఆ రోజుల్లో బ్యాటరీతో నడిచే మోటారు ఉన్న ప్లేయరు నిజంగానే పాటను కాపాడి ఉండేది. 2003 జనవరి నుంచి దక్షిణాది గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీని బట్టి ధర కట్టే పద్ధతి వచ్చాకా, 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది గ్రిడ్ తక్కిన దేశంతో ఏకమయ్యాకా ఆ బెడద దాదాపు పోయింది. ఇప్పుడు ఫ్రీక్వెన్సీ 50ని అంటిపెట్టుకుని ఉంటుంది. కాబట్టి ఆనాటి ఫిర్యాదును ఈనాటి కరెంటు మీద మోపడం న్యాయం కాదు.

*

సరే, బ్యాటరీ నేటికీ ఎక్కడ పనికొస్తుంది?

సంకేతం అతిసన్నగా ఉన్నచోట. గ్రామఫోను రికార్డు మీది ముల్లు పుట్టించే వోల్టేజి మామూలు కార్ట్రిడ్జిలో అయిదు మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. మూవింగ్ కాయిల్ రకంలో అరమిల్లీవోల్టు, అంతకన్నా తక్కువ. దానిని వేలరెట్లు పెంచాలి. దానితో పాటు దానికంటిన మోత కూడా వేలరెట్లు పెరుగుతుంది. అక్కడ బ్యాటరీ పెట్టిన ప్రీ-ఆంప్లిఫయరు అర్థవంతమైనది. అది తాగే కరెంటూ తక్కువే, చిన్న బ్యాటరీ చాలు. మైకు ప్రీ-ఆంప్లిఫయరుకూ, చేతిలో పట్టే రికార్డరుకూ ఇదే మాట.

స్పీకర్లను మోగించే పెద్ద ఆంప్లిఫయరు సంగతి వేరు. అక్కడ సంకేతం వోల్టుల్లో ఉంటుంది, మోతకు అంత లొంగదు. కావలసింది బలం. 12 వోల్టుల బ్యాటరీతో, 8 ఓముల స్పీకరుకు మామూలు సర్క్యూటు ఇవ్వగలిగేది సుమారు రెండుంబావు వాట్లు. స్పీకరు రెండు తీగలనూ ఎదురుబొదురుగా నడిపే బ్రిడ్జి పద్ధతిలోనైతే ఎంత లెక్కకట్టినా తొమ్మిది వాట్లు. చిన్నగదిలో వయొలిన్‌కు అది చాలు. మృదంగం మీద ఒక్కసారి గట్టిగా 'ధీం' పడితే చాలదు. ఆ దెబ్బ తల నరికినట్టు చదునైపోతుంది. మోత పోయిందన్న సంతోషంలో మృదంగం పోయిందని గమనించం. పైగా నేటి పరికరాల్లో చాలావాటి లోపల బ్యాటరీ వోల్టేజిని మళ్ళీ పెంచి, తగ్గించే స్విచింగ్ సర్క్యూట్లు ఉంటాయి. పెట్టె మీద బ్యాటరీ అని రాసి ఉన్నంత మాత్రాన పాటకు అందేది పచ్చి బ్యాటరీ కాదు.

మూడు లాంతర్ల దగ్గర రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరుండేవారు. నా చిన్నతనంలో ఆయన దగ్గర కూర్చుని చూసిన విద్య ఇప్పటికీ పనికొస్తోంది. "మోత వస్తందని మిషన్ని తిట్టకు బాబూ, ముందు అదెక్కడినుంచి వస్తందో అడుగు" అనేవారు. వాల్యూము సున్నాకు తిప్పినా మోత ఉంటే ఆంప్లిఫయరు కెపాసిటర్లు ముసలివయ్యాయి. కొన్ని వందల రూపాయల పని. వాల్యూముతో పాటు మోత పెరిగితే అది వెనకనుంచి వస్తోంది. తీగలు ఒక్కొక్కటే ఊడదీసి చూడాలి. రెండు పరికరాలు రెండు వేర్వేరు సాకెట్ల ఎర్తుల నుంచి చుట్టు తిరిగి కలిస్తే ఆ చుట్టే మోతకు మూలం. రెంటినీ ఒకే బోర్డు మీద పెడితే తరచు తగ్గిపోతుంది. ఒక్కటి మాత్రం ఆయన కోపంగా చెప్పేవారు: మోత పోతుందని ఎర్తు పిన్ను ఎన్నడూ విరవకూడదు. మోత పోవచ్చు, దాంతో మనిషి కూడా పోవచ్చు.

*

ఇంత చెప్పినా మా బావ ఒప్పుకోలేదు. "అయితే ఆ రాత్రి నేను విన్నదేటి? నా చెవులు అబద్ధం చెప్పినాయేటి?" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనది. చెవులు అబద్ధం చెప్పవు. కారణం మాత్రం చెప్పలేవు. అందుకని ఒక ఆదివారం పరీక్షకు కూర్చున్నాం.

మొదటి పరీక్ష. ఒక చిన్న 12 వోల్టుల ఆంప్లిఫయరు తెచ్చి, ఒకసారి బ్యాటరీకి, ఒకసారి అడాప్టరుకు తగిలిస్తూ, ఏది ఎప్పుడన్నది మేనల్లుడికి వదిలి, మేమిద్దరం వాడికి వీపు తిప్పి కూర్చున్నాం. పాట లేనప్పుడు స్పీకరుకు చెవి ఆనిస్తే అడాప్టరు మీద సన్నని ఈల ఒకటి వినబడింది, బ్యాటరీ మీద లేదు. కాబట్టి తేడా అసలు లేదని అనను. కానీ పాట మొదలై, మనిషి కూర్చునే చోట కూర్చున్నాక, ఏది బ్యాటరీయో ఏది కరెంటో మేమిద్దరం చెప్పిన జవాబులు బొమ్మాబొరుసుకన్నా మెరుగ్గా లేవు.

రెండవ పరీక్ష. అటక మీది టూ-ఇన్-వన్‌కు సెల్లులు తీసేసి కరెంటు తగిలించి, అదే హరికథ పెట్టాం. 'గుమ్మ్' మోత లేదు! మా బావ ముఖం చూడవలసిందే. కరెంటు మీద కూడా మోత లేదంటే, ఆ రాత్రి మోత లేకపోవడానికి కారణం బ్యాటరీ కాదు.

మూడవది తేల్చిచెప్పింది. పెద్ద సిస్టమ్ మీద, ఎన్నడూ రికార్డు చెయ్యని ఖాళీ క్యాసెట్ ఒకటి పెట్టి నడిపాం. టేపు సహజమైన 'హిస్స్' తప్ప మరేమీ లేదు. హరికథ క్యాసెట్ పెట్టగానే మోత హాజరు. అంటే ఆ మోత మా బావ ఇంటి కరెంటులో లేదు, ఆంప్లిఫయరులో లేదు. క్యాసెట్లోనే ఉంది. దాదాపు నలభయ్యేళ్ళ నాడు పందిట్లో మైకుసెట్టు నుంచి తీగ లాగి మావయ్య రికార్డు చేసినప్పుడు కథతో పాటు ఆ పందిరి కరెంటు కూడా టేపు మీదకెక్కింది. టూ-ఇన్-వన్‌లోని అరచేతి స్పీకరుకు అంత మంద్రస్థాయిని పలికించే శక్తి లేదు, అందుకని దాచిపెట్టింది. నిలువెత్తు స్పీకర్లకు ఆ శక్తి ఉంది, అందుకని బయటపెట్టాయి. అరవై వేలు పెట్టి బ్యాటరీ కొన్నా ఆ మోత అక్కడే ఉండేది, ఎందుకంటే అదీ కథలో భాగమైపోయింది.

మరి ఆ రాత్రి వినబడ్డ ఊపిరి, పసిబిడ్డ ఏడుపు? అవి నిజమే. వాటికి కారణం ఊరంతా నిశ్శబ్దంగా ఉండడం. సీలింగు ఫ్యాను తిరగడం లేదు, ఫ్రిజ్జు లేదు, నీళ్ళ మోటారు లేదు, నాలుగిళ్ళ టీవీలు లేవు. ఫ్యాను తిరిగే గదికీ, తిరగని గదికీ శబ్దంలో ఉండే తేడా ముందు మంచి అడాప్టరుకూ బ్యాటరీకీ ఉండే తేడా లెక్కలోనిది కాదు. తుపాను ఆ రాత్రి మా యంత్రాన్ని బాగుచెయ్యలేదు, గదిని బాగుచేసింది. ఇంకొకటి కూడా చేసింది: ఎవరికీ వేరే పని లేకుండా చేసి, పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి వినిపించింది. అటువంటి వినికిడి కావాలంటే బ్యాటరీ కొనక్కర్లేదు. ఫ్యాను ఆపి, కిటికీలు వేసి, ఒక గంట ఫోను ముట్టకుండా కూర్చుంటే చాలు. మన తీరప్రాంతపు ఉక్కలో అది బ్యాటరీ కొనడంకన్నా కష్టమని ఒప్పుకుంటాను.

*

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. ఈ పరీక్షల పుణ్యమా అని మావయ్య పెట్టెను పూర్తిగా తెరిచాం. మావయ్య పార్వతీపురం వైపు పల్లెల్లో మాస్టారుగా పనిచేశారు. పెట్టెలో అరవై పైచిలుకు క్యాసెట్లున్నాయి. సగం పందిళ్ళలో రికార్డు చేసిన హరికథలు. తక్కినవి కళ్ళాల్లో, గుడి అరుగుల మీద, సెల్లులు వేసిన రికార్డరుతో పట్టినవి. జముకుల కథలు, తప్పెటగుళ్ళ పాటలు, నాట్ల పాటలు. పాడినవారి పేర్లు కొన్నిటి మీద పెన్సిలుతో రాసి ఉన్నాయి, కొన్నిటి మీద ఊరిపేరు మాత్రమే ఉంది. వారిలో ఎందరు ఇవాళ బతికి ఉన్నారో చెప్పలేం.

ఈ రెండోరకం క్యాసెట్లలో మోత లేదు. బ్యాటరీ రికార్డింగు కదా, నిర్మలంగా ఉన్నాయి. మా బావ గెలిచినట్టేనని సంతోషించాడు. కానీ వాటిలో కొన్నిటికి మరో జబ్బు ఉంది. కథ సాగుతున్నకొద్దీ గొంతు సన్నబడుతూ, నడక వేగం పెరుగుతూ పోతుంది. చివరికి వచ్చేసరికి నడివయసు మనిషి గొంతు చిన్నపిల్ల గొంతైపోతుంది. కారణం సులభం. రికార్డు చేస్తూండగా సెల్లులు నీరసించాయి, టేపు మెల్లగా నడిచింది. మెల్లగా రాసినదాన్ని ఇప్పుడు మామూలు వేగంతో చదువుతుంటే అది పరుగెడుతోంది. కరెంటు రికార్డింగుకు మోత జబ్బు, బ్యాటరీ రికార్డింగుకు శ్రుతి జబ్బు. ఇన్నాళ్ళూ మేం వాదించుకున్న రెండు పక్షాలూ ఒకే పెట్టెలో పక్కపక్కన పడి ఉన్నాయి.

ఇంతకన్నా విచిత్రం, ఆ రెండు జబ్బుల్లో మోతే నయం. మోత ఉన్న క్యాసెట్లో ఆ మోతే మనకు కొలబద్ద. అది ఆనాడు 50 దగ్గరిదని తెలుసు కనుక, ఇవాళ టేపులో ఎంతగా వినబడుతోందో కంప్యూటరులో చూసి వేగంలోని తేడాను చాలావరకు సరిదిద్దవచ్చు. ఆనాటి గ్రిడ్ నిలకడ తక్కువ కాబట్టి సుమారుగానే; అయినా ఆధారమంటూ ఒకటి ఉంది. నేరపరిశోధనలో ఒక రికార్డింగు ఎప్పటిదో, మధ్యలో కోసి అతికించారో తేల్చడానికి కూడా ఈ మోతనే సాక్ష్యంగా వాడతారు. మోత లేని క్యాసెట్టుకు ఆ సాక్షి లేడు. పాడినవారి శ్రుతి తెలిసిన చెవి ఒక్కటే దిక్కు. ఆ చెవులు ఉన్న పెద్దలు కూడా తగ్గిపోతున్నారు.

మోతను కంప్యూటరులో తీసెయ్యవచ్చు, కానీ చెయ్యి బరువుగా వెయ్యకూడదు. జముకు నాదం కూడా ఆ మంద్రస్థాయిల్లోనే ఉంటుంది. ఏ పందిట్లోనో మోతతో పాటు పట్టిన జముకును ఆత్రంగా శుభ్రం చేస్తే, మోతతో పాటు ఆ తీగ గుంఫనం కూడా పోతుంది. అందుకని శుభ్రం చెయ్యని ప్రతిని ఎప్పుడూ అట్టే పెట్టుకోవాలి.

కనుక నా అభిప్రాయం ఇది. ఇంట్లో ఆంప్లిఫయరు బాగానే ఉండి, వైరింగూ ఎర్తూ సరిగా ఉంటే, దానిని బ్యాటరీకి మార్చినందువల్ల మీరు వినగలిగే మేలు దాదాపు ఏమీ ఉండదు. మోత ఉంటే ముందు దాని పుట్టుక తెలుసుకోండి. చాలామట్టుకు అది వందల్లో తేలే పని. మిగిలిన డబ్బూ, దానికన్నా విలువైన ఓపికా, మీ అటక మీద ఇలాంటి పెట్టె ఏదైనా ఉంటే దాని మీద పెట్టండి. మన ఉప్పుగాలికీ, చెమ్మకూ టేపు మీద బూజు పడుతుంది. క్యాసెట్లో టేపును హెడ్డుకు ఒత్తిపట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోతుంది. డెక్కు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, దాని పక్కనుండే చిన్న స్క్రూను క్యాసెట్టుకు తగ్గట్టు సవరించుకుంటే, మూసుకుపోయిన చిడతల చప్పుడు ఎలా తెరుచుకుంటుందో ఒకసారి విని చూడండి. ఏ బ్యాటరీ ఇంత తేడా తేలేదు. గంటన్నర క్యాసెట్టును 24 బిట్లు, 48 కిలోహెర్ట్జుల స్టీరియోలో దాచుకుంటే ఒకటిన్నర గిగాబైట్లకు కొంచెం పైన పడుతుంది. పెట్టె మొత్తం కలిపినా నేటి చవక హార్డు డిస్కులో ఒక మూలకు రాదు.

మా బావ అరవై వేల అంచనా కాగితం చింపలేదు గాని, మడిచి సొరుగులో పెట్టాడు. ఆదివారాలు సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక్కో క్యాసెట్టూ కంప్యూటరుకెక్కిస్తున్నాం. మొదటిరోజున ఏదో సన్నని గీర వినబడి ఇద్దరం తలలు పట్టుకున్నాం. ల్యాప్‌టాప్ ఛార్జరు తీసేసి దాని సొంత బ్యాటరీ మీద నడిపితే ఆ గీర ఠక్కున ఆగిపోయింది. "చూసినావా, బ్యాటరీయే!" అన్నాడు మా బావ. ఆ ఒక్కమాటకు ఒప్పుకున్నాను. ఇప్పటికి పదకొండు క్యాసెట్లయ్యాయి. పన్నెండోదాని మీద పెన్సిలుతో రాసిన ఊరిపేరు చెరిగిపోయింది. అందులో పాడే ఆమె గొంతు గుర్తుపట్టగలవారెవరైనా ఉన్నారేమోనని, వచ్చే నెల పండక్కి ఆ వైపు వెళ్ళినప్పుడు ఫోనులో పెట్టి తీసుకుపోదామనుకుంటున్నాం.